ముందు చక్రం, తర్వాత థ్రాటిల్

ముప్ఫై ఎనిమిదేళ్ళు విమానాల మాన్యువల్స్ రాశాను. ఏ నట్టు ఎంత బిగించాలి, ఏ స్విచ్ తర్వాత ఏ స్విచ్ నొక్కాలి, ఇదే నా సాహిత్యం. ఆ ముప్ఫై ఎనిమిదేళ్ళలో నా రాత వల్ల ఎవరి గోరూ ఊడలేదు. రిటైరయ్యాక, కరోనా రోజుల్లో, ఊసుపోక రాసిన ఒకే ఒక్క పుస్తకంతో ఒక మనిషిని చంపబోయాను. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు. కానీ జరిగింది.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, నేనుండే ఐర్లండ్‌లోనే వాటర్‌ఫోర్డ్‌లో ఎమ్మెస్ చదివే శ్రావణి అనే కరీంనగర్ అమ్మాయి ఆమధ్య ఫోన్ చేసింది. మాకు తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళ అమ్మాయి.

"అంకుల్, టెక్నికల్ రైటర్ జాబ్‌కి ఇంగ్లీష్ మంచిగొస్తే సరిపోతది కదా? మెషీన్ల గురించి అంతగనం తెల్వాల్నా?" అంది.

"సరిపోదమ్మా" అన్నాను. ఎందుకు సరిపోదో ఫోన్‌లో చెప్పలేకపోయాను. అందుకని కాగితం మీద పెడుతున్నాను. నా ప్రమోషన్లు, నా సర్టిఫికెట్లు ఇందులో ఉండవు. అవి మా ఆవిడ సరళ ఎక్కడో ప్రెస్‌లో, అప్పడాల డబ్బా వెనక పెట్టింది. ఐర్లండ్‌లో అలమరని ప్రెస్ అంటారు, మాకూ అదే అలవాటైపోయింది.

మూడు చేతుల మెకానిక్

బెంగుళూరులో నా మొదటి బాస్ దీక్షితులుగారు. మనిషి అరచెయ్యంత ఉండేవారు, నోరు మాత్రం విమానాలు పెట్టే హేంగరంత. నేను రాసిన మొదటి పేజీ ఆయన బల్ల మీద పెట్టిన రోజు, నన్ను ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, "నువ్వు రాసింది నేను చదువుతాను, నువ్వు చెయ్యి" అన్నారు.

ఆయన చదివారు. ఒక చేత్తో స్పానర్ పట్టుకోమని రాశాను, పట్టుకున్నాను. రెండో చేత్తో స్ప్రింగు నొక్కి ఉంచమన్నాను, నొక్కాను. అదే సమయంలో లోపలికి లైటు చూపించమన్నాను.

ఆయన ఆగి, కళ్ళజోడు మీంచి చూసి, "ఏరా, ఈ మెకానిక్‌కి మూడో చెయ్యి ఇచ్చింది దేవుడా, నువ్వా?" అన్నారు.

సెక్షనంతా నవ్వింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ రోజు నుంచీ మా సెక్షన్లో ఒక ఆనవాయితీ. ఏ పేజీ అయినా బయటికి వెళ్ళేముందు ఒకరు చదవాలి, రాసినవాడు చేతులతో చేసి చూపించాలి. దాన్ని మేం 'చేత్తో చదవడం' అనేవాళ్ళం. గట్టి గట్టి ఇంజినీర్లు బల్ల ముందు కూర్చుని గాలిలో చేతులు తిప్పుతుంటే, కొత్తగా వచ్చినవాళ్ళు వీళ్ళకేదో పూనకం అనుకునేవారు.

ఆయన చెప్పిన ఇంకో మాట కూడా రాయాలి, ఎందుకంటే దాన్ని నేను గాలికొదిలేశాను. "వాడిన మాన్యువల్ చేతికొస్తే ముందు అంచు చూడు. ఎక్కడ నల్లగా ఉందో అక్కడ తెరువు. మనుషులు భయపడి మళ్ళీ మళ్ళీ తెరిచిన చోటురా అది" అనేవారు. పేజీ ఎంత మురికిగా ఉంటే అంత ముఖ్యమని ఆయన లెక్క.

డబ్లిన్ నేర్పిన శుభ్రం

తర్వాత డబ్లిన్‌లో ఇరవై రెండేళ్ళు. ఇక్కడి కంపెనీలో అంతా టెంప్లేట్. ఏ విమానం మాన్యువల్ తెరిచినా అదే విషయం అదే చోట, అదే వరసలో ఉండాలి. మా మేనేజర్ చాలా తెలివైన మనిషి. ఆవిడ పెట్టిన పద్ధతిలో తప్పేమీ లేదు, వందల విమానాలున్న చోట అలాగే ఉండాలి. కానీ టెంప్లేట్‌తో ఒక చిక్కుంది. కొన్నేళ్ళకి అది మన బదులు ఆలోచించడం మొదలుపెడుతుంది, మనకి హాయిగా ఉంటుంది.

చేత్తో చదవడం ఆ ఆఫీసులో లేదు. మొదట్లో నేనొక్కణ్ణీ గాలిలో చేతులు తిప్పేవాణ్ణి. పక్క సీటువాళ్ళు వింతగా చూసేవారు. సిగ్గేసి మానేశాను. ఒక మంచి అలవాటు నేను వదులుకోవడానికి కారణం అంతకంటే గొప్పదేమీ కాదు.

నా పేజీలకి మాత్రం మంచి పేరొచ్చింది. "మూర్తి పేజీ అద్దంలా ఉంటుంది" అనేవారు. ఆ మాటకి పొంగిపోయేవాణ్ణి.

కొంగ

నేను రిటైరైన నెలలోనే లాక్‌డౌన్ పెట్టారు. వీడ్కోలు పార్టీ లేదు, పూలగుత్తి లేదు. ఆఫీసు లాప్‌టాప్‌ని అట్టపెట్టెలో పెట్టి డబ్లిన్ పక్క ఊరు నేవన్‌లో మా ఇంటి గుమ్మం దగ్గర పెడితే, కొరియర్ అబ్బాయి ఆరడుగుల దూరం నుంచి దండం పెట్టినట్టు తల ఊపి పట్టుకెళ్ళాడు. అంతటితో నా ఉద్యోగం అయిపోయింది.

అప్పుడు డెక్లన్ ఫోన్ చేశాడు. డెక్లన్ బస్సుల మెకానిక్‌గా రిటైరైనవాడు, ఏదో ఎయిర్ షోలో పరిచయం. పక్క కౌంటీలో, అంటే పక్క జిల్లాలో, ఒక పాల డెయిరీ వెనక రేకుల షెడ్డులో, అతనూ అతని స్నేహితులూ ఒక పాత విమానాన్ని బాగుచేస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధం నాటిది. రెండు సీట్లు, పైన పెద్ద రెక్క, కింద పొడుగాటి కాళ్ళు. రన్‌వే అక్కర్లేదు, చిన్న పొలం చాలు, దిగిపోతుంది, లేచిపోతుంది. యుద్ధంలో ఉత్తరాలూ మనుషులూ మోసిన బండి. ఆ కాళ్ళు చూసి డెక్లన్ దాన్ని కొంగ అనేవాడు.

"మూర్తీ, కొంగ రెడీ అవుతోంది. దాని పుస్తకం మాత్రం ఏడ్చినట్టుంది. ఒక్కటే కాపీ, తడిసిపోయింది, సగం చదవలేం. నువ్వు ఇంట్లో ఖాళీయేగా?" అన్నాడు.

ఖాళీయే. పైగా రెండు కిలోమీటర్లు దాటి బయటికి వెళ్ళకూడదన్న రోజులు. ప్రాణం లేచొచ్చింది. అతను పేజీలన్నీ స్కాన్ చేసి పంపాడు. నేను సామాన్లు పెట్టుకునే మా చిన్న బాక్స్‌రూమ్‌లో కూర్చుని ఒక్కో పేజీ తుడవడం మొదలుపెట్టాను. నూనె మరకలు, వేలిముద్రలు, టీ కప్పు గుండ్రాలు, అన్నీ కంప్యూటర్లో చెరిపేశాను. అన్నిటికంటే మురికిగా ఉన్నది పద్నాలుగో పేజీ. దాని అంచు మొత్తం నల్లగా బొటనవేళ్ళ గుర్తులు. దాన్ని తుడవడానికి రెండు రోజులు పట్టింది. తుడిచాక సరళని పిలిచి చూపించాను.

"బావుందండీ, ఇస్త్రీ చేసినట్టుంది" అంది.

దీక్షితులుగారు అప్పుడైనా గుర్తుకురావాలి. రాలేదు.

నేను సరిదిద్దిన వాక్యం

పద్నాలుగో పేజీలో ఏముందో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

ఈ విమానం చాలా నెమ్మదిగా దిగుతుంది. అలా దిగాలంటే ముక్కు పైకెత్తి ఉంచాలి. దానికోసం పైలట్ సీటుకి ఎడమ పక్కన ఒక చక్రం ఉంటుంది, దాన్ని వెనక్కి బాగా తిప్పితే తోక కిందికి నొక్కుకుని ముక్కు పైకి నిలబడుతుంది. ఇంతవరకూ సుఖమే. దిగబోతుండగా పొలంలో ఏదైనా అడ్డొచ్చి, మళ్ళీ పైకి లేవాల్సి వస్తే? అప్పుడు ముందు ఆ చక్రాన్ని ముందుకి తిప్పాలి, ఆ తర్వాతే థ్రాటిల్ తోసి ఇంజనుకి బలమివ్వాలి. చక్రం వెనకే ఉండగా బలమిస్తే ముక్కు ఆకాశంలోకి లేస్తుంది. ముక్కు దించే స్టిక్‌ని, అంటే పైలట్ ముందుండే కర్రని, ఎంత ముందుకి నెట్టినా మనిషి బలం చాలదు. విమానం నిటారుగా నిలబడి, వేగం పోయి, కింద పడుతుంది.

పాత పుస్తకంలో ఈ వరస సరిగ్గానే ఉంది. కాకపోతే ఒక చాంతాడు వాక్యంలో ఉంది. ముందు చక్రం, తర్వాత థ్రాటిల్. ఇంకేం రాయలేదు, ఎందుకో చెప్పలేదు.

ఇరవై రెండేళ్ళు నేను వాడిన టెంప్లేట్‌లో, దిగకుండా పైకి లేచే పద్ధతికి మొదటి లైను ఎప్పుడూ ఒకటే, 'థ్రాటిల్ పూర్తిగా.' ఈనాటి విమానాలకి అదే మొదటి పని. నేను ఆ పాత వాక్యం చూసి, యుద్ధం హడావుడిలో పాపం ఎవరో వరస తప్పారనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, జాలి కూడా పడ్డాను. థ్రాటిల్ని మొదటి లైనుకి ఎత్తాను, చక్రాన్ని మూడో లైనుకి దింపాను. నంబర్లు వేశాను. చుట్టూ ఒక చక్కని గీత గీశాను.

అది పొరపాటున జరిగింది కాదు. సరిదిద్దాను. ఆ మాటే నన్ను ఇప్పటికీ నిద్రలేపి కూర్చోబెడుతుంది.

మామూలు రోజుల్లో అయితే షెడ్డుకి వెళ్ళేవాణ్ణి, అందరం విమానం పక్కన నిలబడి చదువుకునేవాళ్ళం. కరోనాలో పీడీఎఫ్ పంపాను. డెక్లన్ "గ్రాండ్, మూర్తీ, గ్రాండ్" అని మెసేజ్ పెట్టాడు. తర్వాత తెలిసింది, అతను దాన్ని చదవలేదు. "అంత శుభ్రంగా ఉంటే ఇంకేం చూస్తాం?" అన్నాడు. కొంగని ఎగరేయబోయే నోరా మాత్రం చదివింది. పాతికేళ్ళు ఫ్లయింగ్ నేర్పిన మనిషి, అరవై దాటింది. ఈ రకం విమానం ఆమెకీ కొత్త. అందుకని నా పుస్తకాన్ని తన వంటింట్లో నెలరోజులు బట్టీ పట్టింది. పాత కాపీ అక్షరాలు కనబడక పక్కన పెట్టేసింది. నా పేజీని నమ్మింది.

అప్పడాల కర్ర

మరుసటి వసంతంలో కొంగ మొదటిసారి ఎగిరే రోజు వచ్చింది. అప్పటికి సొంత కౌంటీ దాటకూడదన్న నిబంధన. షెడ్డు పక్క కౌంటీలో. వెళ్ళడానికి లేదు. డెక్లన్ వీడియో కాల్ చేస్తానన్నాడు గానీ, ఆ డెయిరీ దగ్గర సిగ్నల్ అంతంతమాత్రం.

పొద్దున్న పదకొండు గంటలకి నేను వంటింట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, సరళ చూసి చూసి, "అక్కడికి ఎల్లలేకపోతే ఇక్కడే ఎగరండి. ఆ దీక్షితులుగారు చేయించేవోరన్నారు కదా, చేతులు తిప్పడం. రండి, నేను చదువుతాను" అంది.

నవ్వొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ప్రెస్‌లోంచి అప్పడాల కర్ర తీసి ఇచ్చింది, అది స్టిక్. ఆవకాయ జాడీ మూత కుర్చీ ఎడమ పక్కన స్టూలు మీద పెట్టింది, అది చక్రం. గరిటె థ్రాటిల్. నా పుస్తకం నాకు కంఠతా వచ్చు. ఆవిడ టాబ్లెట్లో పాత స్కాన్ తెరిచి అక్షరాలు పెద్దవి చేసుకుంది, నేను రాసింది కాదు. "మీ దాంట్లో బొమ్మలు తీసేశారు. నాకు ఈ పాత బొమ్మలే బావున్నాయి" అంది.

బయల్దేరాం. గాలిలోకి లేచాం. నేవన్ చుట్టూ తిరిగాం. దిగడానికి వచ్చాం. మూత వెనక్కి తిప్పాను, బాగా తిప్పాను.

"ఇప్పుడు దిగకుండా పైకి లేవాలంట" అంది సరళ.

నేను గరిటె ముందుకి తోశాను.

"అదేంటండీ? ఇందులో ముందు చక్రం తిప్పమనుంది కదా. మీరు గరిటె తోసేశారేంటి?"

"అది పాతది, వరస తప్పు. నేను మార్చాను" అన్నాను.

"మరి చక్రం ఇంకా ఎనక్కే ఉంది. ముక్కు పైకే ఉంది. ఇంజను కూడా పైకి తోస్తే ఏవవుతాది?"

ఆవిడ క్రెష్‌లో పసిపిల్లలకి పాలు పట్టిన మనిషి. విమానం గురించి ఆవిడకి తెలిసింది ఆ పది నిమిషాల్లో ఆ వంటింట్లో తెలుసుకున్నదే. నేను చేతిలో ఉన్న అప్పడాల కర్రని చూశాను. ముందుకి నెట్టాను. ఇంకా నెట్టాను. అప్పుడు అర్థమైంది. నోరా ఇలా ఎంత నెట్టినా ముక్కు దిగదు. సరళ నా ముఖం చూసి, "ఏవండీ, ఏవైందండీ?" అని భుజం పట్టుకుని కుదిపింది.

డెక్లన్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. కారు తాళాలు తీశాను.

"గార్డ్స్ ఆపుతారండీ. ఆపకపోయినా మీరెళ్ళేసరికి గంట పడతాది. ఫోనే చెయ్యండి, చేస్తానే ఉండండి" అంది సరళ. గార్డ్స్ అంటే ఇక్కడి పోలీసులు.

నాలుగోసారి ఎత్తాడు.

"డెక్లన్, నోరా ఎక్కడుంది? పద్నాలుగో పేజీ తప్పు. ముందు చక్రం తిప్పాలి. రేడియోలో చెప్పు ఆవిడకి."

"ఆవిడకి ఇప్పుడు తెలుసు, మూర్తీ" అన్నాడు.

జరిగింది చెప్పాడు. కొంగ దిగబోతుండగా డెయిరీ ఆవు ఒకటి కంచె దాటి, అది దిగే గడ్డిలోకొచ్చింది. నోరా దిగడం మానుకుని, బట్టీ పట్టిన ప్రకారం థ్రాటిల్ తోసింది. కొంగ తోక మీద నిలబడింది. "తలుపులా నిలబడింది, మూర్తీ. దాని పొట్ట మొత్తం కనబడింది నాకు. కళ్ళు మూసుకున్నాను" అన్నాడు. ఆవిడ నేలకి అంత దగ్గర్లో, వెంటనే థ్రాటిల్ సగానికి తగ్గించి, కుడిచేత్తో, రెండు మోకాళ్ళతో స్టిక్‌ని ముందుకి తొక్కిపెట్టి, ఎడమచేత్తో చక్రం తిప్పిందట. పుస్తకంలో ఉంది కాబట్టి చేసింది కాదు. పాతికేళ్ళ అనుభవం చేయించింది. నేను వంటింట్లో ఫోన్ మోగిస్తున్నప్పుడు డెక్లన్ రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

మేం మాట్లాడుతుండగానే ఆవిడ రెండోసారి వచ్చి దిగింది. ఇంజను ఆగిన చప్పుడు నాకు ఫోన్‌లో వినబడింది. కాసేపటికి ఫోన్ ఆవిడ చేతికి వెళ్ళింది.

"పద్నాలుగో పేజీ. పాత పుస్తకంలో కూడా అలాగే ఉందా?" అని అడిగింది.

ఉందని చెప్పొచ్చు. తడిసిన పుస్తకం, సగం కనబడదు, ఎవరూ వెతకరు. ఆ ఆలోచన నాకు వచ్చింది, రాలేదని అబద్ధమాడను. సరళ ఎదురుగా టాబ్లెట్ పట్టుకుని నిలబడి ఉంది.

"లేదు. పాతదాంట్లో సరిగ్గానే ఉంది. నేను మార్చాను" అన్నాను.



"సరే. ఇప్పుడు మాట్లాడలేను" అని పెట్టేసింది.

నేను కుర్చీలో కూలబడి ఏడ్చాను. అరవయ్యేడేళ్ళ మనిషిని, ఒళ్ళో అప్పడాల కర్ర పెట్టుకుని ఏడ్చాను. సరళ జాడీ మూత తీసి జాడీకి పెట్టేసింది.

నాలుగు

నోరా మళ్ళీ ఫోన్ చేసేసరికి కౌంటీలు దాటొచ్చని ప్రకటించారు. తిడుతుందనుకున్నాను, తిడితే బావుండుననుకున్నాను. "శనివారం షెడ్డుకి రా. పాత బట్టలేసుకో" అంది, అంతే.

వెళ్ళాను. ముగ్గురం మాస్కులేసుకుని, దూరంగా నిలబడి పలకరించుకున్నాం. కొంగని నేను చూడటం అదే మొదటిసారి. సంవత్సరం పాటు దాని గురించి రాశాను, దాన్ని ముట్టుకోలేదు.

నోరా నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టింది. కుడిచెయ్యి స్టిక్ మీద పెట్టమంది. డెక్లన్ వెనక్కి వెళ్ళి, తోక దగ్గర కదిలే రెక్కని రెండు చేతులతో పట్టుకున్నాడు. తీగలు దాన్నీ నా చేతిలో స్టిక్‌నీ కలుపుతాయి. అతను రెక్కని ఎత్తితే స్టిక్ నా మీదికి వస్తుంది.

"ఆ రోజు గాలి చేసిన పని ఇప్పుడు డెక్లన్ చేస్తాడు. నువ్వు ముందుకి నెట్టి పట్టుకో. ఎడమచేత్తో చక్రం తిప్పు. పైకి లెక్కపెట్టు" అంది.

డెక్లన్ ఎత్తాడు. స్టిక్ నా కడుపు మీదికి దూసుకొచ్చింది. నెట్టాను. మోకాళ్ళు అడ్డం పెట్టాను. ఒకటి. రెండు. ఎడమచేత్తో చక్రం వెతికాను. అది నేను బొమ్మలో చూసినదానికంటే వెనకగా ఉంది, అందుకోవాలంటే భుజం తిప్పాలి, భుజం తిప్పితే కుడిచేతిలో బలం పోతోంది. మూడు. చక్రం ఇంత గట్టిగా తిరుగుతుందని ఏ పేజీలోనూ రాయలేదు, నేను కూడా రాయలేదు. నాలుగు. చెయ్యి వదిలేసింది. స్టిక్ వచ్చి పొట్టలో గుద్దింది.

డెక్లన్ ఆ రెక్కని వదిలి వచ్చి, "సగం బలమే పెట్టాను" అన్నాడు, క్షమాపణ చెప్పినట్టు.

ఊపిరి అందాక, "నువ్వు ఎంతవరకు పట్టుకున్నావు?" అని నోరాని అడిగాను.

ఆవిడ దానికి జవాబు చెప్పకుండా, కోటు జేబులోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. పాత పుస్తకంలోని పద్నాలుగో పేజీ, అసలుది. తడిసి, నల్లబడి, అంచు నిండా బొటనవేళ్ళ గుర్తులతో. "ఇది తుడవకు. ఇలాగే పెట్టు" అంది. తీసుకుంటుంటే స్టిక్ మీది గ్రీజు అంటిన నా బొటనవేలు కూడా దాని మీద పడింది. ఇప్పుడు కొత్త పుస్తకంలో ఆ పేజీ ఫోటో అలాగే ఉంటుంది. దాని కింద నేను కలిపింది ఒక్క వాక్యమే, ఎందుకు ముందు చక్రం తిప్పాలో చెప్పే వాక్యం. ఆ వాక్యం రాయడానికి ఆ సాయంత్రం నా కుడిచెయ్యి సహకరించలేదు. నేను చెబితే సరళ టైప్ చేసింది.

శ్రావణీ, నువ్వడిగినదానికి ఇదే నా సమాధానం. ఇంగ్లీషు నీకు వచ్చినంత నాకూ వచ్చు. నువ్వు రాయబోయే యంత్రం దగ్గరికి వెళ్ళు, అందులో కూర్చో, చేతులు నొప్పి పుట్టేదాకా చెయ్యి. నీకంటే ముందు రాసినవాడిది తప్పనిపిస్తే, దిద్దేముందు ఒక్క పూట భయపడు.

తను ఎంతవరకు పట్టుకుందో నోరా చెప్పలేదు కదా, ఆ జవాబు తర్వాత డెక్లన్ చెప్పాడు. రేడియో ఆన్‌లో ఉండిపోయిందట, ఆవిడ గొంతు అతనికి మొత్తం వినబడిందట. అరవలేదు, దేవుణ్ణి పిలవలేదు. చక్రం తిప్పుతూ లెక్కపెట్టుకుంది. పదకొండు దాకా.